ముట్లుడుగు వయస్సున మనస్సుకు వైద్యము
(బళ్ళారిలో మన సంఘపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను బట్టల వర్తకుడను. మెట్రిక్ దాటి చదివినవాడను కాను. నేడు నేను మాటలాడబోవు విషయము వైద్యమునకు సంబంధించినది. అందులోను స్త్రీల వైద్యమునకు సంబంధించినది. "ఇది మగవాడు మాటలాడదగిన సంగతియా?" యని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. నా సమాధానమొక్కటే. మన ఇండ్లలో డబ్బు పెట్టె తాళము మగవాని మొలలో నుండును. ఆసుపత్రికి పోవలెనా వద్దా, ఏ ఆసుపత్రికి పోవలెను, ఆటో బాడుగ ఎవరిత్తురు, దుకాణము విడిచి తోడు ఎవరు పోవుదురు అను నిర్ణయములన్నియు మగవారే చేయుచున్నారు. నిర్ణయము చేయువానికి విషయము తెలియకపోయినచో ఆ నిర్ణయము గ్రుడ్డి బేరమగును. అందుచేత మగవారికి తెలియజెప్పుటకే నేను పూనుకొంటిని. వైద్యులనడిగియు, ప్రభుత్వమువారి పత్రములు చదివియు తెలిసికొన్నదే చెప్పెదను.

మన ఇంట ఆడపిల్ల పెద్దమనిషియైనప్పుడు చాప వేసి కూర్చుండబెట్టి, చిమ్మిలి పెట్టి, వీధి వీధియంతయు పేరంటము పిలుచుదుము. కోడలు కడుపుతో నున్నప్పుడు శ్రీమంతము చేసి గాజులు తొడుగుదుము. ముప్పది, ముప్పదియైదేండ్లు గడచి ఆ ముట్టే నిలిచిపోవు కాలము వచ్చినప్పుడు మాత్రము ఇంటిలో ఒక్కరును ఒక్క మాట అడుగరు. ఆమెయు చెప్పదు. పూజలకు, మడికి ఇక అడ్డు లేదని సంతోషించువారు కొందరు కలరు. ఏ బాధయు లేక ఈ కాలమును దాటువారును అనేకులు కలరు. అయితే ఆ కొన్నియేండ్లలో నిద్రలేక, కారణము తెలియని దిగులుతో, గుండె దడతో లోలోపల క్రుంగిపోవువారును మన ఇండ్లలోనే యున్నారు. ఆ బాధకు వైద్యమున్నదనియు, అది మన వీధి చివర నున్న ఆరోగ్య కేంద్రములోనే మొదలు కావలెననియు చెప్పుటయే నా ఉద్దేశము.

మొదట సంగతి యేమో చూతము. మన పెద్దలు ముట్లుడుగుట యనుదానినే వైద్యులు మెనోపాజ్ అందురు. పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రాకపోయినచో ముట్లుడిగినట్లు లెక్క. లోకమున ఎక్కువమంది స్త్రీలకు ఇది 45 నుండి 55 ఏండ్ల నడుమ జరుగును. మన దేశమున సగటున 46, 47 ఏండ్లకే జరుగుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. 40 ఏండ్లలోపుననే నిలిచినచో దానికి కారణమును వెదకవలెను. తప్పక వైద్యునికి చూపవలెను. అసలు మార్పు నిలిచిన నాడు మొదలగునది కాదు. దానికి కొన్నియేండ్లకు ముందే ముట్టు తప్పిపోవుట, నెలకు రెండుమార్లు వచ్చుట, ఎక్కువగా పోవుట మొదలగు గుర్తులు కానవచ్చును. మనస్సుకు కష్టకాలము ముఖ్యముగా ఈ ముందరి యేండ్లే.

దీనికి కారణము శరీరములోనే యున్నది. అండాశయములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను పుట్టును. ముట్లుడుగు కాలము సమీపించినప్పుడు అది ఒక నెల ఎక్కువై, ఒక నెల తక్కువై, నిలకడ తప్పి, తుదకు బాగుగా తగ్గిపోవును. ఈ హార్మోను గర్భసంచిపై మాత్రమే పనిచేయునని మనము తలంచెదము. అది మెదడుపై కూడ పనిచేయును. నిద్ర, ఒంటి వేడి, మనస్సులోని ఉత్సాహము, జ్ఞాపకము అను వీనినన్నిటిని సవరించు మెదడునకు అది తోడుగా నుండును. ఆ తోడు నిలకడ తప్పినప్పుడు ఒక్కసారిగా ముఖము, మెడ, రొమ్ము సెగలు గ్రక్కినట్లగును. చెమటతో చీర తడిసిపోవును. నడిరేయి మెలకువ వచ్చి మరల కునుకు పట్టదు. పెట్టిన వస్తువెక్కడ పెట్టితిమో గుర్తుండదు. చిన్న మాటకే కన్నీరు వచ్చును, లేదా కోపము వచ్చును.

మన ఇండ్లలో దీనిని "వేడి చేసినది" అందురు. మజ్జిగ త్రాగుమందురు, సబ్జా గింజలు నానబెట్టి ఇత్తురు. అందులో తప్పు లేదు. చల్లని మజ్జిగ వలన ఎవరికిని చెరుపు కలుగదు. అయితే ఇది వారము పదిదినములలో పోవు వేడి కాదు. అమెరికాలో 1996లో మొదలుపెట్టి 3,300 మంది స్త్రీలను సంవత్సరముల తరబడి పరిశీలించుచు వచ్చిన ఒక అధ్యయనము కలదు. ఒంటి సెగలు తరచుగా వచ్చువారిలో సగము మందికి అవి ఏడేండ్లకు పైగా ఉండెనని ఆ పరిశీలకులు 2015లో ప్రకటించిరి. ఏడేండ్లపాటు రాత్రి నిద్ర చెడిన మనిషికి పగటి మనస్సు ఎట్లుండునో మీరే ఆలోచింపుడు. సంత నాటి ముందు రెండు రాత్రులు నిద్రలేకున్న మనకే మరునాడు గిరాకీదారుని ముఖము చూడ బుద్ధి పుట్టదు.

దిగులు సంగతి ఇంకను గట్టిది. లండను నగరపు విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు 2024లో ఏడు అధ్యయనములను, 9,000 మందికి పైగా స్త్రీల లెక్కలను కలిపి చూచిరి. ముట్లుడుగు సంధికాలమున నున్న స్త్రీలకు దిగులు లక్షణములు కలుగు అవకాశము, ఆ కాలమింకను రానివారికంటె 40 శాతము ఎక్కువని వారు తేల్చిరి. ఇది అందరికిని తప్పక వచ్చునని కాదు. పూర్వము, ముఖ్యముగా కాన్పు తరువాత, మనోవ్యాధి పడినవారును, ఒంటి సెగలచే నిద్ర చెడినవారును, ఇంటి కష్టముల బరువు మోయుచున్నవారును ఎక్కువ జాగ్రత్తగా నుండవలెను. మన ఇండ్లలో ఆ వయస్సుననే కూతురి పెండ్లి, కొడుకు ఉద్యోగము, అత్తమామల మంచము, భర్త అప్పులు అన్నియు ఒక్కసారి వచ్చి పడును. శరీరములోని మార్పును, సంసారములోని బరువును రెండును ఒకే మెడమీద నిలుచును.

ఇక మనము దీనికి పెట్టుచున్న పేర్లు చూడుడు. "వయస్సు మీరినకొలది గయ్యాళి యగుచున్నది" అందుము. "కోడలు వచ్చినప్పటినుండి ఓర్వలేకున్నది" అందుము. కొన్ని యిండ్లలో గాలి సోకినదని తాయెత్తు కట్టించెదరు. ఇవేవియు చేయనివారు "అన్నియు నున్నవి, నీకేమి లోటు?" అని అడుగుదురు. ఈ ప్రశ్న అన్నిటికంటె చేటు. లోటేమో ఆమెకే తెలియదు. తెలియనిదానికి జవాబు చెప్పలేక తనదే తప్పనుకొని మరింత ముడుచుకొనిపోవును.

మరియొక మార్గము కలదు, అది అపాయకరమైనది. ముట్టు ఎక్కువగా పోవుచున్నదనియో, నడుము నొప్పియనియో పోయినప్పుడు గర్భసంచి తీసివేసినచో పీడ విరగడయగునని ఎవరో చెప్పుదురు. అప్పు చేసియైనను శస్త్రచికిత్స చేయింతురు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ శస్త్రచికిత్స ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోనే దేశములోకెల్ల ఎక్కువగా కనబడినది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి సుమారు 9 మందికి గర్భసంచి తీసివేసిరి. మన చుట్టరికములు అనంతపురము, కర్నూలు జిల్లాలతో నున్నవి. అక్కడి అలవాటు ఇక్కడకును వచ్చును. వైద్యమున కొన్నిచోట్ల ఈ శస్త్రచికిత్స అవసరమే. దానిని నేను కాదనుటలేదు. కాని దానితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో, మెల్లగా ఏండ్ల తరబడి జరుగవలసిన మార్పు ఒక్క దినమున జరిగి, ఒంటి సెగలు, నిద్రలేమి, దిగులు తీవ్రముగా రావచ్చును. అండాశయములను ఉంచినను అవి కొంత ముందుగానే పని మానవచ్చును. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శక సూత్రములను మూడు నెలలలో అమలుపెట్టవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. కత్తికి ముందు రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుడని నా మనవి. పదివేల రూపాయల సరుకు కొనుటకే నాలుగు దుకాణములు తిరుగు మనము, ఇంటి ఇల్లాలి శరీరము విషయమున మొదటి మాటకే తల యూపరాదు.

అట్లయిన పోవలసిన చోటెక్కడ? ఇక్కడ బళ్ళారివారమైన మనము గర్వపడదగిన ఒక చరిత్ర కలదు. అది మనలో చాలమందికి తెలియదు.

1953లో ఈ తాలూకాలు మైసూరు రాష్ట్రమున చేరినప్పటినుండి మనము ఇక్కడ భాషలో అల్పసంఖ్యాకులము. అయినను ఇది మన ఊరే. ఈ జిల్లా పేరు మానసిక వైద్యపు గ్రంథములలో నిలిచియున్నది. మనోవ్యాధి యనగా పెద్ద నగరములోని పెద్ద ఆసుపత్రికే పోవలెనను కాలమున, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు వేరుగా ఆలోచించిరి. పల్లెలోని సామాన్య వైద్యునికి, ఆరోగ్య కార్యకర్తకు కొంత తర్ఫీదు ఇచ్చినచో చాల భాగము మనోవ్యాధులకు అక్కడనే చికిత్స జరుగదా యని వారి ప్రశ్న. 1970లలో బెంగుళూరు సమీపమున సకలవారలో దీనిని చేసి చూచిరి. 1980లలో ఒక జిల్లా అంతటను పరీక్షించుటకు వారు ఎన్నుకొన్న జిల్లా మన బళ్ళారి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు వ్యాధిని గుర్తించుట, కొలది మందులతో చికిత్స చేయుట, అవసరమైనవారిని పై ఆసుపత్రికి పంపుట నేర్పిరి. ఆ పని ఫలించినది. 1996లో కేంద్ర ప్రభుత్వము జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించినప్పుడు దానికి బళ్ళారి నమూనాయే ఆధారమైనది. ఆ కార్యక్రమము మొదలైన నాలుగు జిల్లాలలో మెదకు ఒకటి. దేశమునకు దారి చూపిన ఊరివారము మన ఇంటిలోని దిగులును దాచుకొనుట తగునా?

నేడు ఆ సదుపాయము ఇంకను దగ్గరకు వచ్చినది. పల్లెలో ఉపకేంద్రము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉన్నవి. పట్టణములకు 2022 డిసెంబరునుండి నమ్మ క్లినిక్కులు వచ్చినవి. ఆశా కార్యకర్త మన గడపకే వచ్చును. ముప్పది యేండ్లు దాటినవారికి ఆమె పూరింపవలసిన పత్రమొకటి కలదు. రక్తపోటు, చక్కెర వ్యాధి, క్యాన్సరు మొదలగువానిని ముందుగా పట్టుకొనుట దాని ఉద్దేశము. దాని చివర మనస్సును గూర్చి రెండు ప్రశ్నలున్నవి. గడచిన రెండు వారములలో పనులమీద ఆసక్తి గాని, సంతోషము గాని లేకపోవుట ఎన్ని దినములుండినది యనునది మొదటిది. మనస్సు క్రుంగి, దిగులుగా, ఆశ లేనట్లు ఎన్ని దినములుండినది యనునది రెండవది. ఒక్కనాడును లేదన్నచో సున్న. కొన్ని దినములన్నచో ఒకటి. సగముకంటె ఎక్కువ దినములన్నచో రెండు. దాదాపు ప్రతిదినమన్నచో మూడు. రెండు జవాబులకును కలిపి అంకె పెద్దదైనచో ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.

చూచితిరా, ప్రశ్న ఇదివరకే మన గుమ్మములో నున్నది. లోపము జవాబులో నున్నది. ఆశా వచ్చినప్పుడు ఆమె ప్రక్కన అత్తగారుందురు, కోడలుండును, ఎదురింటివారు తొంగిచూచుచుందురు. ఆ గుంపులో ఏ స్త్రీయైనను "మాకేమమ్మా, బాగానే ఉన్నాము" అనును గాని మరేమి చెప్పగలదు? పత్రములో సున్న పడును. లెక్క ముగియును. దిగులు మాత్రము ఇంటిలోనే యుండును. చిట్టాలో తప్పు వ్రాసినచో ఆవర్జాలో సరిపోవునా? అందుచేత నేను కోరునదేమనగా, ఆ రెండు ప్రశ్నలు అడుగునప్పుడు ఆమెను ఏకాంతముగా మాటలాడనిండు. పది నిమిషములు మిగిలినవారు ప్రక్కకు తొలగుట కష్టమైన పని కాదు.

ఇందులో మన భాష సంగతి కూడ నున్నది. మనకు కన్నడము రాదని కాదు. అంగడిలో, కచేరిలో, బడిలో మనమందరము కన్నడము మాటలాడుచునే యున్నాము. కాని లెక్కలు చెప్పు భాష వేరు, గుండె బరువు చెప్పు భాష వేరు. చిన్న ఉదాహరణము చెప్పెదను. తెలుగున "దిగులు" అనగా మనస్సులోని క్రుంగుబాటు. కన్నడమున "దిగిలు" అనగా భయము, బెదురు. మన తల్లి "నాకు దిగులుగా ఉన్నది" అన్నచో కన్నడ వైద్యుడు దేనికో భయపడినదని వ్రాసికొనవచ్చును. కన్నడమున ఆ బాధను "బేజారు" అందురు. మాట దగ్గరగా నుండుటచేతనే మోసము జరుగును. చాలమంది తల్లులు తమ బాధను మనస్సు మాటలలో చెప్పరు కూడ. "ఒళ్ళంతా నొప్పులు", "గుండె దడ", "తల తిరుగుచున్నది", "కాళ్ళు పీకుచున్నవి" అందురు. వైద్యుడు నొప్పి మాత్ర ఇచ్చి పంపును. "ఇవి ఎప్పటినుండి? నిద్ర పట్టుచున్నదా? ముట్టు సరిగా వచ్చుచున్నదా?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడును. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము తన వ్యాధి యేమో, చికిత్స యేమో తనకు అర్థమగు భాషలో తెలిసికొను హక్కు రోగికి కలదు. ఇది దయ కాదు, చట్టము. దీనిని వినయముగానే, కాని గట్టిగా అడుగవలెను.

ఆరోగ్య కేంద్రములో వైద్యుడు ఏమి చేయవలెనో తెలిసినచో మనము సరిగా అడుగగలము. మొదటి పని వినుట. రెండవ పని, ఇదే రూపమున కనబడు ఇతర వ్యాధులున్నవేమో చూచుట. రక్తము తక్కువైనను నీరసమే, గుండె దడయే. థైరాయిడు గ్రంథి మందగించినను దిగులే, బరువే, మతిమరుపే. కనుక రక్తపోటు, రక్తబలము, చక్కెర, థైరాయిడు పరీక్షలు చేయించవలెను. ముట్టు నిలిచి సంవత్సరము దాటిన తరువాత మరల రక్తము కనబడినచో అది మనస్సు సంగతి కాదు; ఆలస్యము చేయక స్త్రీల వైద్యురాలికి చూపవలెను.

మూడవ పని, ధైర్యము చెప్పుట. "నీకు పిచ్చి పట్టలేదమ్మా, ఇది శరీరములో వచ్చిన మార్పు, దీనికి మార్గమున్నది" యని వైద్యుడు చెప్పిన ఒక్క మాటతోనే సగము బరువు దిగినవారు కలరని వైద్యులు చెప్పుదురు. నాల్గవ పని అలవాట్లు సవరించుట. దినమునకు అరగంట నడక, సాయంకాలము తరువాత కాఫీ టీలు మానుట, వక్కపొగాకు విడుచుట, పడకగదిలో గాలి, పలుచని నూలుచీర. ఇవి చిన్నవిగా తోచును గాని నిద్రకు మేలు చేయును. అయిదవది మాటలతో చేయు చికిత్స. ఆలోచనల తీరును, నిద్ర అలవాటును క్రమముగా సరిదిద్దు పద్ధతి యొకటి కలదు. అది దిగులుకును, నిద్రలేమికిని, ఒంటి సెగల బాధకును ఉపకరించును. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల వద్దకు పంపుమని అడుగవచ్చును.

ఆరవది మందులు. ఒంటి సెగలు తీవ్రముగా నున్నవారికి హార్మోను చికిత్స కలదు. 2002లో అమెరికాలో ఒక గొప్ప పరిశోధనలోని భాగమును నడుమ నిలిపివేసినప్పటినుండి ఈ మందనగా అందరును భయపడిరి. ఆ లెక్కలను వయస్సు వారీగా విడదీసి మరల చూడగా, 60 ఏండ్లలోపు వారికి, ముట్లుడిగి పదేండ్లు దాటని ఆరోగ్యవంతులకు సాధారణముగా నష్టముకంటె లాభమే యెక్కువని వైద్యసంఘములు నిర్ణయించినవి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తము గడ్డకట్టు వ్యాధి కలవారికి, కాలేయ వ్యాధి కలవారికి ఇది తగదు. కావున వైద్యుడు పరీక్షించి ఇయ్యవలసినదే గాని ఇరుగమ్మ చీటి చూచి పొరుగమ్మ కొనదగినది కాదు. దిగులు నిజముగా వ్యాధి స్థితికి వచ్చినచో దానికి వేరే మాత్రలున్నవి. అవి పనిచేయ నారంభించుటకు రెండు మూడు వారములు పట్టును. నాలుగు దినములు మ్రింగి గుణము లేదని పారవేయరాదు. గుణము కనబడిన వెంటనే మానివేయనురాదు. మందుల అంగడిలో చీటి లేకుండ కొను నిద్రమాత్రలు మాత్రము అలవాటైపోవును. వానిని ఇంటికి తేవద్దు.

మరియొక్క మాట జాగ్రత్తగా వినుడు. "నేనుండి ఏమి లాభము", "నేను పోయిన మీకు సుఖము" అని ఆమె నోట వచ్చినచో అది సామెతగా అన్న మాట యని త్రోసివేయకుడు. ఆమెను ఒంటరిగా విడువక ఆ దినముననే వైద్యుని వద్దకు తీసికొనిపొండు. రాత్రివేళ అయినచో 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయుడు. టెలి మానస్ అను ఈ ఏర్పాటును ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించినది. రేయింబవళ్ళు పనిచేయును, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును. ఈ అయిదంకెలను మీ దుకాణపు గల్లా పెట్టెపైన, ఇంటి క్యాలెండరుపైన నేడే వ్రాసికొనుడు. ఇంతటి అవసరమే రానక్కరలేదు. నిద్ర పట్టని స్త్రీ తానే ఆ సంఖ్యకు పిలిచి తన భాషలో మాటలాడవచ్చును.

ఇంటివారు చేయవలసినది ఇంకొంత కలదు. భర్తలకు నేను చెప్పునది: ఆసుపత్రికి ఆమెతో మీరే పొండు. కొడుకును, తమ్మునిని పంపి తప్పించుకొనకుడు. గది బయట కూర్చుండి లోపల ఆమెను మాటలాడనిండు. ఈ కాలమున కొందరికి దాంపత్యమున నొప్పి, అయిష్టము కలుగును. అది మీమీది అనాదరము కాదు. శరీరములోని పొడితనము వలన కలుగునది. దానికిని మందున్నది. కోపగించుకొనుట మందు కాదు. కొడుకులకు, కోడండ్రకు చెప్పునది: ఆమె విసుగును మాటకు మాటగా లెక్కపెట్టకుడు. వేకువ పని కొంత మీరందుకొని ఆమెను ఒక గంట ఎక్కువ నిద్రపోనిండు. అత్తగార్లకు చెప్పునది: "మేము పడలేదా?" అనకుడు. మీరు పడినది నిజమే. మీరు పడినపుడు అడిగినవారు లేరు, నేడు అడుగువారున్నారు. మీరు ఓర్చుకొన్నందుకు గౌరవింతుము. ఆ ఓర్పునే మరల మరియొకతెనుండి అప్పుగా వసూలు చేయరాదు.

తల్లులకు, అక్కచెల్లెండ్రకు నేను చెప్పదగినది తక్కువ. మీ బాధ మీకే తెలియును. ఒక్క మనవి. ఒక చిన్న పుస్తకములో ముట్టు వచ్చిన తేదీ, నిద్ర పట్టని రాత్రులు, సెగలు వచ్చిన దినములు, మనస్సు బాగులేని దినములు గుర్తుగా గీతలు పెట్టుడు. రెండు నెలల గీతలు చూపినచో వైద్యునికి గంటసేపటి మాటల పని తప్పును. మన పెద్దలు పాలవాని లెక్క గోడమీద గీతలతో పెట్టలేదా? అట్టిదే ఇదియు.

ఇక మన సంఘము చేయదగిన మూడు పనులను సభవారి ముందుంచుచున్నాను. మొదటిది: నెలకొక మధ్యాహ్నము ఈ భవనమును నలుబదేండ్లు దాటిన స్త్రీలకు విడిచిపెట్టవలెను. మగవారెవరును రారాదు. తెలుగు తెలిసిన వైద్యురాలిని గాని, నర్సును గాని ఆహ్వానింపవలెను. రెండవది: ఆశా కార్యకర్తల పత్రములోని ఆ రెండు ప్రశ్నలను, జవాబులను, 14416 సంఖ్యను ఇంటి తెలుగులో అచ్చువేయించి ఇంటింటికి ఇయ్యవలెను. కన్నడ మాటలను ప్రక్కనే తెలుగు లిపిలో వేసినచో వైద్యునికి చెప్పుటకు తడబాటుండదు. ఈ అచ్చు ఖర్చు నేను భరించెదను. మూడవది: తెలుగు కుటుంబములెక్కువగా నున్న పేటల ఆరోగ్య కేంద్రములలో వారమునకొక దినము తెలుగు తెలిసిన సిబ్బందినుంచవలెనని జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టవలెను. కన్నడ సోదరులతో మనకు వైరము లేదు. వారి ఇండ్లలోని తల్లులకును ఇదే బాధ, ఇదే మౌనము. అందుచేత అర్జీలో ఏకాంతముగా మాటలాడు గది కూడ అడుగుదము. అది వారికిని మనకును సమానముగా ఉపకరించును.

వర్తకులమైన మనమొక మాట గుర్తుంచుకొందము. మన దుకాణములలో ఈ వయస్సు స్త్రీలు పనిచేయుచున్నారు. కూర్చుండుటకు ఒక ముక్కాలి, ఒక పంకా, త్రాగుటకు చల్లని నీరు, పది నిమిషముల విశ్రాంతి. వీనికి మనకగు ఖర్చు లెక్కలోనికి రాదు. ఇల్లాలికి ఇచ్చిన గౌరవమే పనిమనిషికిని ఇచ్చిననాడు మన మాటకు విలువ యుండును.

ఈ మూడు తీర్మానములను సభవారు ఆలోచించి నేడే నిర్ణయింతురుగాక. ఇంటికి పోయిన తరువాత మీరు చేయవలసినదొకటి మిగిలియున్నది. రాత్రి భోజనమైన పిదప, పిల్లలు లేని సమయమున, "రాత్రులు నిద్ర పట్టుచున్నదా?" అని మీ ఇల్లాలిని అడుగుడు. అడిగి, ఆమె చెప్పునంతవరకు ఊరకుండుడు.